మెమొరీ చాలదంటూ మొరాయిస్తే..

పెళ్లి ముహూర్తాలు దగ్గరపడ్డాయంటే చిన్న పట్టణాల్లోని వీడియో ఎడిటింగ్ గదుల్లో రాత్రంతా దీపాలు వెలుగుతూనే ఉంటాయి. పూలరేకుల నడుమ నుంచి వధూవరుల పేర్లు తేలివచ్చే శీర్షికలు, రిసెప్షన్ వేదికపై ఎల్ఈడీ తెర మీద నడిచే చిత్రమాలికలు కంప్యూటర్‌లో రూపుదిద్దుకోవలసిందే. ఇందుకు ఎక్కువమంది ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌ను వినియోగిస్తున్నారు. గంటల తరబడి కూర్చిన దృశ్యాన్ని వీడియోగా మలిచే రెండరింగ్ దశలో, నూటికి 80 పాళ్లు పూర్తయ్యాక ‘ఈ ఫ్రేమ్‌కు తగినంత మెమొరీ లేదు’ అన్న సందేశం ప్రత్యక్షమైతే ఎడిటర్ అవస్థ వర్ణనాతీతం. తెల్లవారితే వేదికపై ఆడవలసిన వీడియో అది. అదనపు ర్యామ్ కొనడమే మార్గమని పలువురు భావిస్తారు. వేల రూపాయలు వెచ్చించాక మళ్లీ అదే సందేశం ఎదురై నిర్ఘాంతపోతుంటారు.

అసలు చిక్కు ఎక్కడుందో తెలియాలంటే ఒక్క ఫ్రేమ్ ఎంత చోటు ఆక్రమిస్తుందో లెక్క వేయాలి. వెడల్పు 1920, ఎత్తు 1080 పిక్సెళ్లు గల చిత్రంలో ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత కలిపి 4 బైట్లు అవసరం. అంటే సుమారు 8.3 మెగాబైట్లు. ఇది 8 బిట్ల వర్ణస్థాయిలో లెక్క. ప్రాజెక్టును 32 బిట్లకు మారిస్తే అదే ఫ్రేమ్ 33 మెగాబైట్లు దాటుతుంది. ఇంతవరకు భయపడవలసిందేమీ లేదు.

ఆల్బమ్ షీట్లతోనే అసలు తంటా

ఫొటో స్టూడియోలు ఆల్బమ్ కోసం సిద్ధం చేసిన 12 బై 36 అంగుళాల షీట్లనే వీడియోలోకీ దించుతుంటారు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అటువంటి షీటులో 10,800 బై 3,600 పిక్సెళ్లు ఉంటాయి. డిస్క్‌లో ఆ జేపెగ్ ఫైలు కొద్ది మెగాబైట్లే కనిపించవచ్చు. అది కుదించి దాచిన రూపం మాత్రమే. మెమొరీలో విప్పారిన మరుక్షణం 155 మెగాబైట్లకు, 32 బిట్లలో అయితే 622 మెగాబైట్లకు పెరుగుతుంది. పది షీట్లు ఒకేసారి తెరపై తిరిగితే 6 గిగాబైట్లు దాటినట్లే. నీడలు, మసకలు వంటి ఎఫెక్టులు పనిచేసేటప్పుడు చిత్రానికి మరో నకలు కూడా పుడుతుంది. తుది వీడియో వెడల్పు 1920 పిక్సెళ్లే అయినప్పుడు ఇంత బరువు మోయడం శుద్ధ దండగ. ఫొటోషాప్‌లో చిత్రాలను అవసరమైన మేరకు తగ్గించి తెచ్చుకుంటే సగం బాధ అక్కడే తీరుతుంది. దగ్గరగా జూమ్ చేసి చూపవలసిన చిత్రాలను మాత్రం కొంత పెద్దవిగానే ఉంచుకోవాలి.

రెండరింగ్ ఏ ఫ్రేమ్ వద్ద ఆగిందో తప్పక రాసి పెట్టుకోవాలి. ప్రతిసారీ అక్కడే ఆగితే దోషం ఆ ఫ్రేమ్‌లో కనిపించే లేయర్లలోనే ఉందని తలచవచ్చు. కంటి గుర్తు నొక్కి ఒక్కొక్క లేయర్‌ను ఆపుతూ పోతే దొంగ దొరుకుతాడు. ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే కారణం వేరు. నేపథ్యంలో బ్రౌజర్, ఫొటోషాప్ తెరిచి ఉండవచ్చు. సీ డ్రైవ్ నిండిపోయి విండోస్ తాత్కాలిక మెమొరీకి చోటు కరవై ఉండవచ్చు. ఏదీ కాదంటే ర్యామ్ ముక్కలోనే లోపం ఉండే అవకాశముంది. విండోస్‌లోని మెమొరీ డయాగ్నస్టిక్ పరీక్షతో దానిని తేల్చుకోవచ్చు.

2021 అక్టోబరులో వెలువడిన ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 2022 నుంచి ఒకేసారి అనేక ఫ్రేములను రెండర్ చేసే సదుపాయం వచ్చింది. వేగం పెరిగిన మాట నిజమే గానీ, అన్ని ఫ్రేములూ ఏకకాలంలో మెమొరీని పంచుకోవాలి. ర్యామ్ తక్కువగా ఉన్న యంత్రాల్లో మల్టీ ఫ్రేమ్ రెండరింగ్‌ను నిలిపివేసి చూడడం మేలు. ఇతర ప్రోగ్రాములకు కేటాయించిన ర్యామ్‌ను బాగా తగ్గించి అంతా దీనికే ఇవ్వాలనుకోవడం మాత్రం పొరపాటు. అప్పుడు విండోస్‌కే ఊపిరాడదు. గ్రాఫిక్స్ కార్డు మెమొరీ నిండిందని సందేశం వస్తే ర్యామ్ పెంచినా ఫలితం ఉండదు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌కు మారాలి. పని నెమ్మదిస్తుంది, పూర్తవుతుంది.

పాత యంత్రాలపై సీఎస్4, అంతకు ముందు వెర్షన్లతో నెట్టుకొచ్చేవారి సంగతి మరొకటి. అవి 32 బిట్లవి. ఎన్ని గిగాబైట్లు తగిలించినా 4కు మించి వాడుకోలేవు. 2010లో వచ్చిన సీఎస్5తోనే 64 బిట్ల బాట పడింది.

ఫ్రేముల వరుస.. గండం గట్టెక్కిస్తుంది

గడువు ముంచుకొచ్చినప్పుడు నేరుగా ఎంపీ4గా కాక, పీఎన్‌జీ చిత్రాల వరుసగా రెండర్ చేయడం క్షేమం. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన రెండు నిమిషాల దృశ్యంలో 3,000 ఫ్రేములుంటాయి. 2,400 వద్ద ఆగితే ఎంపీ4 ఫైలు తెరుచుకోకుండా పోవచ్చు. చిత్రాల వరుసలో అయితే పూర్తయినవన్నీ భద్రం. ఎడిట్ మెనూలోని పర్జ్‌తో మెమొరీని ఖాళీ చేసి, లేదా యంత్రాన్నే ఆపి మళ్లీ తెరిచి, చివరి చిత్రం సగంలో ఆగి ఉండవచ్చు గనుక అక్కడి నుంచే మిగిలిన భాగాన్ని కొనసాగించవచ్చు. అనంతరం ఆ వరుసను తిరిగి దిగుమతి చేసుకుని వీడియోగా మార్చేటప్పుడు పెద్ద బరువు ఉండదు. డిస్క్‌లో కొన్ని గిగాబైట్ల చోటు సిద్ధం చేసుకోవాలి. చిత్రాల వరుసలో శబ్దం రాదు. దానిని వేరుగా వేవ్ ఫైలుగా తీసి జతచేయాలి. హడావుడిలో ఇది మరచిపోతే సన్నాయి లేని పెళ్లి శీర్షిక వేదిక మీదికెక్కుతుంది.