బ్రేకు గొట్టమునందలి రాగి వాషరు

గడచిన సంవత్సరము వర్షాకాలములో మన పాఠశాల చిన్న బస్సు రెండు దినములు కదలక షెడ్డులోనే నిలిచిపోయెను. దూరగ్రామముల పిల్లలలో కొందరు నడచియు, కొందరు తండ్రుల మోటారు సైకిళ్లమీదను ఆలస్యముగా బడికి చేరిరి. కారణమేమని అడిగినవారికి "రాగి వాషరు మార్చవలసి వచ్చినది" అని చెప్పితిమి. అప్పుడు ఒక తండ్రి నవ్వి, "చొక్కా గుండీయంత బిళ్లకొరకు బస్సు ఆపుదురా మాష్టరుగారూ?" అనెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. గేటువద్ద నిలుచుండి దానికి సరియైన జవాబు చెప్పలేకపోతిమి గనుక ఇచ్చట వ్రాయుచున్నాము.

జరిగినదిది. బస్సు ముందరి యెడమ చక్రమునకు పోవు బ్రేకు హోసు పైపు పగుళ్లుబారగా పట్టణములోని ఒక మరమ్మతు దుకాణమున క్రొత్తది వేయించితిమి. నాలుగవనాటి యుదయమున మన డ్రైవరుగారు ఆ చక్రము లోపలిప్రక్క తడిగా నుండుట చూచిరి. రాత్రి వాన కురిసినందున అది వాన నీరేయని మరియొకరైనచో తలంచియుందురు. ఆయన వ్రేలితో తాకి చూడగా జారుడుగా నుండెను. ఆ తడి తగిలినచోట చక్రపు రంగు పొంగి ఊడివచ్చుచుండెను. నీరు రంగును ఊడదీయదు, బ్రేకు ఆయిలు ఊడదీయును. డబ్బాలో ఆయిలు వ్రేలి మందము తగ్గియుండెను. ఆయన బండిని స్టార్టు చేయక తాళపుచెవి తెచ్చి మా చేతికిచ్చిరి. ఆ దారిలో మూడు మైళ్లు కాలువ గట్టుమీద పోవలెనని తల్లిదండ్రులందరును ఎరుగుదురు.

ఇంత చిన్న బిళ్లమీద ఏమి ఆధారపడియున్నదో తెలియవలెనన్న బ్రేకు పనిచేయు విధము కొంత తెలియవలెను. పెద్ద బస్సులకును లారీలకును గాలి బ్రేకులుండును. కార్లలోను, మన బస్సువంటి చిన్న బండ్లలోను పాదపు బలమును చక్రమునకు చేర్చునది ద్రవము. మూయబడిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ ఒత్తిడి తగ్గక అన్ని దిక్కులకును సమానముగా ప్రాకునని ఫ్రాన్సు దేశీయుడైన బ్లేజ్ పాస్కల్ (1623–1662) తెలిపెను. ఆయన గొప్ప గణితవేత్త, దైవభక్తుడును. ఆ సూత్రముననుసరించి మాల్కం లౌహెడ్ అను అమెరికా దేశీయుడు 1917లో నాలుగు చక్రముల బ్రేకునకు పేటెంటు పొందెను. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారునకు అట్టి బ్రేకులు అమర్చబడినవి.

ఇప్పుడు మన విద్యార్థులు ఒక లెక్క చేయుదురు గాక. పాదము పెడలుమీద 30 కిలోల బలముతో నొక్కినదనుకొందము. పెడలు తులాదండము వలన అది అయిదింతలై 150 కిలోలగును. ఆ బలము 3 చదరపు సెంటీమీటర్ల పిస్టనుమీద పడినచో ద్రవమునందలి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 50 కిలోలు. బూస్టరు దానిని రెట్టింపు చేసినచో 100 కిలోలు. కారు చక్రములోని గాలి ఒత్తిడి ఇంచుమించు 2 కిలోలు మాత్రమే. కావున ఏబదింతల ఒత్తిడిని, ఒక్క బొట్టైనను కారనీయక, కీలు కీలునను ఆపవలసియున్నది.

అట్టి కీళ్లలో ఒకటి హోసు పైపు చక్రముదగ్గరి కాలిపరును కలియుచోటు. పైపు కొనకు బోలు ఉంగరమువంటి కన్ను ఉండును. దానిగుండ నడుమ రంధ్రముగల బోల్టు దూరి కాలిపరులోనికి బిగియును. ఆయిలు కన్నులోనుండి బోల్టు ప్రక్క రంధ్రముద్వారా లోనికి పోవును. ఆ కన్ను, దాని కాడ, బ్యాంజో అను తంత్రీవాద్యమును పోలియుండుటచే దీనికి బ్యాంజో బోల్టని పేరు వచ్చినది. మన కంటికి మాత్రము గరిటెయే జ్ఞాపకము వచ్చును. బోల్టు తలకును కన్నునకును నడుమ ఒక వాషరు, కన్నునకును కాలిపరునకును నడుమ మరియొకటి, ఇట్లు రెండు వాషర్లు ఉండవలెను. ఒకటి చాలునని తలంచువారు కలరు, చాలదు.

ఇచ్చట చాలమంది పొరబడుదురు. ఆయిలు కారినచో బోల్టు బలము చాలలేదని మరింత బిగింతురు. నిజమునకు 10 మిల్లీమీటర్ల బోల్టును 25 న్యూటన్ మీటర్ల వరకు బిగించినచో అది వెయ్యి కిలోలకు పైబడిన బలముతో వాషర్లను అదిమి పట్టును. లోపలి ఆయిలు దానిని ఎత్తివేయుటకు చేయు బలము నూరు కిలోలైనను కాదు. కొదువ బలములో లేదు, ముఖములలో నున్నది. ఎంత నున్నగా చెక్కిన ఉక్కు ముఖమైనను, భూతద్దముతో చూచినచో దున్నిన చేనువలె చాళ్లు కనబడును. ఉక్కును ఉక్కుతో అదిమినచో ఆ చాళ్లు అట్లే యుండి ఆయిలునకు దారియగును. నడుమ మెత్తని రాగి యున్నయెడల అది ఆ చాళ్లలోనికి ఒదిగి పూడ్చివేయును. రబ్బరు ఇంకను మెత్తనిదే. కాని ఘాటు రోడ్డు దిగునప్పుడు బ్రేకు వేడికిని, వెయ్యి కిలోల అదుమునకును, విడిగానున్న రబ్బరు బిళ్ల నిలువదు. సీసము మెత్తనిదేగాని నాళ్లు గడచినకొలది ప్రక్కకు జారి బిగువు సడలును. ఒదుగునంత మెత్తదనమును, నిలుచునంత గట్టిదనమును రాగికి కలవు. కొన్ని కంపెనీలవారు అల్యూమినియము వాషర్లు వాడుదురు. వారి బండికి వారు నిర్ణయించినదే వేయవలెను.

అయితే రాగికి ఒక గుణము కలదు, అన్ని చిక్కులును దానివలననే. మన కంచరివారు దానిని పుస్తకములు చదువకయే ఎరుగుదురు. రాగిరేకును సుత్తితో కొట్టినకొలది అది బిరుసెక్కును. ఇంకను కొట్టినచో చీలును. అందువలన వారు నడుమ నడుమ పాత్రను కొలిమిలో పెట్టి ఎఱ్ఱగా కాల్చి మరల మెత్తబరచుకొందురు. పిల్లలు దీనిని ఇంటనే చూడవచ్చును. మందమైన రాగి తీగనొకదానిని ఒకేచోట నాలుగైదుమారులు వంచి చాచినచో అచ్చట మొండికెత్తును. పెద్దలు దగ్గరనుండగా దానిని మంటలో ఎఱ్ఱబారువరకు కాల్చి చల్లార్చినచో మరల నూలువలె వంగును. లోపలి స్ఫటికములు కొట్టుడుకు చిక్కుపడి గట్టిపడుటయు, వేడికి క్రొత్తవై అమరుటయు దీనికి కారణము. ఉక్కును కాల్చి నీట ముంచినచో గట్టిపడును; రాగిని ముంచినను ముంచకున్నను మెత్తగనే యుండును.

వాషరు సంగతియు ఇంతే. ఒకసారి బిగించినప్పుడు అది నలిగి, పలుచబడి, బిరుసెక్కును. పాత ముఖముయొక్క చాళ్లు దానిమీద అచ్చుపడును. దానినే మరల వేసినచో క్రొత్త ముఖమునకు ఒదుగదు. దానిని కాల్చి మెత్తబరచి వాడవచ్చునని అనుభవజ్ఞులైన మెకానిక్కులు కొందరందురు. మెత్తబడుట నిజమేగాని పోయిన మందము తిరిగి రాదు, గీతలును పోవు. ఇంజను నీటి పంపునకో మరి దేనికో అట్లు చేసిన మేము తప్పుపట్టము. బ్రేకునకు మాత్రము ప్రతిమారును క్రొత్తవే వేయవలెనని మా నిశ్చయాభిప్రాయము.

ఇక దుకాణములో ఎన్నుకొనుట. మన బస్సునుండి తీసిన రెండింటిలో ఒకటి పాతదే. రెండవది క్రొత్తగా తళతళలాడుచుండెను. ప్రయోగశాలలోని అయస్కాంతమును దగ్గరకు తేగానే ఆ క్రొత్తది టక్కున అతుకుకొనెను! అది ఇనుపబిళ్లకు రాగి పూత. మంచి రాగిని అయస్కాంతము పట్టదు. కావున కొనువారు చిన్న అయస్కాంతమొకటి జేబులో నుంచుకొనుట మేలు. ఇత్తడియు అయస్కాంతమునకు అంటదు గనుక రంగుకూడ చూడవలెను. ఇత్తడి పసుపుడాలు కలది, రాగికంటె గట్టిది. అంచున ఆకురాయితో ఒక గీత గీసినచో లోపల ఏ రంగున్నదో తెలిసిపోవును. నాపరాతిమీద జారవిడిచినచో మెత్తని రాగి మొద్దుగా చప్పుడగును. ఖణేలుమని మ్రోగినది బిరుసుది.

తరువాత కొలత. లోపలి రంధ్రము బోల్టునకు సులభముగా ఎక్కవలెను, వదులుగా ఊగరాదు. వదులైనది ఒక ప్రక్కకు జరిగి రెండవప్రక్క ఖాళీ విడుచును. వెలుపలి వ్యాసము పెద్దదైనచో కాలిపరుమీది చెక్కిన గుంటలో కూర్చుండక దాని గట్టుమీద ఎక్కి కూర్చుండును. మరీ పలుచనిదైనచో, వాషరు నలుగకమునుపే బోల్టు కొన రంధ్రపు అడుగును తాకవచ్చును. అప్పుడు మెకానిక్కు చేతికి బిగిసినట్లే తోచును, ఆయిలు మాత్రము కారుచుండును. ఇది మిక్కిలి మోసకరమైన తప్పు. అందుచే ఒకటి చాలలేదని రెండు పేర్చుటయు కూడదు. పాతదానిని తీసికొనిపోయి ప్రక్కన పెట్టి చూచుకొనవలెను, దాని నలుగుడుకు తగిన మందము కలుపుకొనవలెను. అడ్డముగా, అనగా రంధ్రమునుండి అంచువరకు, గీత యున్న వాషరును ఎంత క్రొత్తదైనను విడువవలెను. ఆ గీత ఆయిలునకు త్రవ్విన కాలువ.

బిగించుటకు ముందు కన్నును, కాలిపరు ముఖమును శుభ్రమైన గుడ్డతో తుడిచి, పాత రాగి తునక అంటియున్నదేమో చూడవలెను. బ్రేకు భాగములను కిరసనాయిలుతోగాని పెట్రోలుతోగాని కడుగరాదు. లోపలి రబ్బరు ఉబ్బి చెడును. మరలకు టేపు చుట్టుట నీటి కుళాయికి తగునుగాని దీనికి తగదు. బోల్టు బోలుది గనుక అతిగా బిగించినచో మెడయొద్ద తెగును. కొలత చూపు టార్క్ పానాతో, బండి పుస్తకములో చెప్పినంతవరకే బిగించవలెను. చాల బండ్లకు అది 20 మొదలు 35 న్యూటన్ మీటర్ల లోపల నుండును.

ఈకాలపు బండ్లలో బ్రేకు ద్రవము రెండు మార్గములుగా విడదీయబడియున్నది; ఒకటి చెడినను రెండవది కొంత పనిచేయును. ఈ మాట విని ఒకరు, "అట్లయిన భయమేల?" అనిరి. సగము బ్రేకుతో ఆగుటకు పట్టు దూరము కాలువ గట్టుమీద దొరకునాయని మేమడిగితిమి.

ఆ రెండు దినములలో మొదటిది పట్టణమునుండి సరియైన వాషర్లు తెచ్చుటకు పట్టినది. రెండవనాడు వాటిని వేసి, గాలి తీసి, ఇంజను నడచుచుండగా డ్రైవరుగారు పెడలును నిమిషముసేపు బలముగా అదిమి పట్టిరి. మేము కీలుచుట్టు తెల్లకాగితము చుట్టి చూచితిమి. చుక్క తడి లేదు. రాత్రి అట్లే యుంచి తెల్లవారి మరల చూచిన పిమ్మటనే పిల్లలను ఎక్కించితిమి. తీసిన వాషర్లు రెండును ప్రయోగశాల బీరువాలో గాజు సీసాయందున్నవి. ప్రక్కనే అయస్కాంతమును ఉంచితిమి. వార్షికోత్సవమునకు వచ్చు తల్లిదండ్రులు తమ చేతులతోనే చూడవచ్చును. నవ్విన ఆ తండ్రిగారు ఇదివరకే వచ్చి చూచిపోయిరి.