శునకస్నేహం – శ్వాసక్షేమం

మానవునికి తొలుత మచ్చికైన జంతువు శునకం. వేటలో తోడై, రాత్రివేళ కాపలాయై, పిల్లలకు ఆటలో నేస్తమై అది వేల ఏండ్లుగా మన వెంట నడుస్తూ ఉంది. తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వంలో కనిపిస్తుంది. అయితే, ముద్దుగా పెంచుకొంటున్న కుక్క వల్లనే ఇంటిలో ఒకరికి ఊపిరి సలపకపోతే ఏమి చేయాలి? దానిని విడిచిపెట్టాలా, బాధను భరించాలా? నేడు అనేక కుటుంబాలకు ఎదురవుతున్న ధర్మసందేహమిది.

ఇరుకైన నగర గృహాలలో నివసించేవారు చిన్న కుక్కలను ఇష్టపడతారు. లాసా ఆప్సో, షిట్జూ, మాల్టీస్, పొమరేనియన్ వంటివి పట్టుకుచ్చుల వంటి పొడవాటి వెంట్రుకలతో చూపరుల మనసు దోచుకొంటాయి. కుక్క ఇంటికి వచ్చిన కొంతకాలానికి ఒకరికి తుమ్ములు, కళ్ల దురద, ముక్కు కారడం మొదలవుతాయి. కొందరిలో పిల్లికూతలతో కూడిన ఉబ్బసం కూడా కనిపిస్తుంది. వెంటనే అందరూ నిందించేది దాని బొచ్చునే.

నిజానికి దోషం వెంట్రుకలది కాదు. కుక్క లాలాజలంలో, చర్మం నుండి రాలే సన్నని పొలుసులలో, మూత్రంలో కొన్ని మాంసకృత్తులు ఉంటాయి. వాటిలో ముఖ్యమైన దానిని శాస్త్రజ్ఞులు 'కాన్ ఎఫ్ 1' అని పిలుస్తారు. ఇవి సహజంగా హాని చేసేవి కావు. కాని కొందరి రోగనిరోధక వ్యవస్థ వీటిని శత్రువులుగా పొరబడి, 'ఐజీఈ' అనే ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. ఆ మాంసకృత్తులు మళ్లీ శరీరంలో ప్రవేశించినప్పుడు కొన్ని కణాల నుండి హిస్టమిన్ వెలువడుతుంది. తుమ్ములకు, దురదకు అదే ప్రధాన కారణం. ఇటువంటి విపరీత ప్రతిస్పందనకు 'అలర్జీ' అని 1906లో పేరు పెట్టినవాడు ఆస్ట్రియా దేశపు వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే.

షిట్జూ, మాల్టీస్ కుక్కలకు వెంట్రుకలు తక్కువగా రాలుతాయి. అందువల్ల అవి అలర్జీ కలిగించవని కొందరు నమ్ముతారు, అమ్మేవారు నమ్మిస్తారు. ఈ నమ్మకానికి ఆధారం బలహీనమైనది. అలర్జీ కలిగించవని పేరుపడిన జాతుల కుక్కలున్న ఇండ్లలోని ధూళిని అమెరికాలో పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఇతర కుక్కలున్న ఇండ్లతో పోల్చినప్పుడు చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 2012లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశోధనలో అటువంటి జాతుల వెంట్రుకలపైనే ఆ మాంసకృత్తు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఒకే జాతిలో కూడా కుక్కకూ కుక్కకూ చాలా తేడా ఉంటుంది. కనుక జాతిని చూసి నిశ్చింతగా ఉండరాదు.

అయితే పొడవాటి వెంట్రుకలకు మరొక గుణం ఉంది. అవి పొలుసులను, ఉమ్మిని, ధూళిని పట్టి ఉంచుతాయి. షికారుకు వెళ్లిన కుక్క వయ్యారిభామ వంటి మొక్కల పుప్పొడిని కూడా ఇంటికి మోసుకొని రాగలదు. కాబట్టి శుభ్రతే తొలి చికిత్స. అలర్జీ లేనివారు ప్రతిదినం ఆరుబయట దాని వెంట్రుకలు దువ్వాలి. స్నానం చేయించినప్పుడు తగ్గిన మాంసకృత్తులు కొద్దిరోజులకే మళ్లీ పెరుగుతాయి. ఆ తగ్గుదల నిలవాలంటే వారానికి రెండుసార్లు స్నానం అవసరమని 1999 నాటి ఒక అధ్యయనం తెలిపింది. అది దాని చర్మానికి సరిపడునో లేదో పశువైద్యుని అడగాలి. పడకగదిలోకి కుక్కను రానీయకూడదు. చీపురుతో ఊడ్చినప్పుడు ధూళి గాలిలోకి లేస్తుంది. అందువల్ల తడిగుడ్డతో తుడవడం మేలు. తివాచీలను తగ్గించాలి. కుక్కను తాకిన చేతులతో కళ్లు నులుముకోరాదు. హెపా వడపోత గల గాలిశుద్ధి యంత్రం కొంత ఉపకరిస్తుంది, కాని అదొక్కటే చాలదు.

ఈ జాగ్రత్తలన్నింటికీ ఒక హద్దు ఉంది. ఆయాసం, పిల్లికూతలు ఉన్నవారు సొంతవైద్యం మాని వైద్యుని ఆశ్రయించాలి. ఉబ్బసం అదుపులోకి రానప్పుడు, కుక్కను దూరంగా ఉంచమని వైద్యుడు చెబితే ఆ మాట పాటించాలి. అయినా దానిని వీధిపాలు చేయడం న్యాయం కాదు. ఆదరించే మరొక ఇంటిని వెదకి అప్పగించడం పెంచినవారి బాధ్యత. అది వెళ్లిన తర్వాత కూడా అలర్జీ కారకాలు కొన్ని నెలలపాటు ఇంటిలో నిలిచి ఉండగలవు. కనుక ఉపశమనం కనిపించడానికి కొంత ఓర్పు కావాలి.

అన్నింటికంటె ఉత్తమమైన జాగ్రత్త కుక్కను తేవడానికి ముందే తీసుకోవలసినది. ఇంటిలో ఎవరికైనా అలర్జీ ఉందన్న అనుమానం ఉంటే వైద్యునిచేత పరీక్ష చేయించాలి. తేదలచిన కుక్కతోనే పలుమార్లు కొంత సమయం గడిపి చూడాలి. మన తొందరపాటుకు శిక్ష అనుభవించేది నోరులేని జీవి. దానిని ప్రేమించడానికి హృదయం చాలు, చివరివరకు పోషించడానికి మాత్రం వివేకం కూడా కావాలి.

ప్రశ్నలు
1. కుక్కల వలన అలర్జీ కలిగే విధానాన్ని వివరించండి.
2. వెంట్రుకలు తక్కువగా రాలే కుక్కలు అలర్జీ కలిగించవన్న నమ్మకం ఎందుకు సరైనది కాదు?
3. అలర్జీ ఉన్నవారి ఇంటిలో కుక్కను పెంచేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలేవి?