ఫ్యాన్ ఆగాక కనిపించే సాలెపురుగులు

డిసెంబరు వచ్చిందంటే ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లోని మన తెలుగిళ్లలో ఒకటే మాట: "దీపావళికే ఇల్లంతా దులిపాం, మళ్లీ బూజు పట్టేసింది. బయట చలికి సాలెపురుగులన్నీ లోపలికి వచ్చేస్తున్నాయా?"

చలికి తట్టుకోలేక వస్తాయా?

చాలావరకు కాదు. సాలెపురుగుకు మనలా ఒంటి వేడి ఉండదు. చుట్టూ చల్లబడితే దాని ఒళ్లూ చల్లబడుతుంది. అప్పుడు మందగించి ఉన్నచోటే నక్కుతుంది తప్ప వెచ్చని గది వెతుక్కుంటూ నడిచిరాదు. ఇంట్లో కనిపించేవి ఎక్కువగా ఇంట్లోనే పుట్టి పెరిగినవి. అమెరికాలోని సియాటిల్‌లో, బర్క్ మ్యూజియం నిపుణుడు రాడ్ క్రాఫర్డ్ అక్కడి అనుభవంతో చెప్పిన అంచనా ప్రకారం, ఇళ్లలో కనిపించేవాటిలో ఎప్పుడైనా బయట తిరిగినవి 5 శాతం కూడా ఉండవు. పైగా మన ఢిల్లీ ఇళ్లు ఎండను తట్టుకోవడానికి కట్టినవి. సఫ్దర్‌జంగ్‌లో 1.1 డిగ్రీలు నమోదైన 2021 జనవరి 1 లాంటి రోజున గోడలు లోపలా మంచుముద్దల్లా ఉంటాయి.

మరి ఇప్పుడే ఎందుకు ఇన్ని?

తలెత్తి ఫ్యాన్ వంక చూడండి. నవంబరులో ఆపితే మళ్లీ హోలీ నాటికి గాని దానితో పని పడదు. గాలి కదలని గదిలో సన్నని దారం తెగకుండా నిలుస్తుంది. సాలెపురుగు రెక్కకూ కప్పుకూ మధ్యనే గూడు కట్టేస్తుంది. సాలెపురుగులను పట్టి తినే బల్లులు కూడా ఈ చలికి ట్యూబ్‌లైటు వెనకో, అల్మరా వెనకో చేరి బయటికి రావు. అన్నిటికన్నా పెద్ద కారణం ఇక్కడి గాలే. కొత్త దారం కంటికి ఆనదు. చలికాలపు మసీ దుమ్మూ పేరుకున్నాక అదే నల్లగా వేలాడుతుంది. వదిలేసిన పాత గూళ్లూ అలాగే మిగిలిపోతాయి. పది మూలల్లో బూజు ఉందంటే పది సాలెపురుగులు ఉన్నట్టు కాదు.

ఆ పొడుగు కాళ్లది ఏది?

మూలల్లో తలకిందులుగా వేలాడే బూడిదరంగు సాలెపురుగు చాలా ఇళ్లలో క్రాసోప్రైజా లయొని. 1867లో జాన్ బ్లాక్‌వాల్ దీన్ని శాస్త్రలోకానికి వర్ణించాడు. పొట్ట చివర చిన్న మొన ఉంటుంది. చీపురు పుల్ల తగిలితే ఒళ్లంతా గిరగిరా ఊపేస్తుంది, కాళ్లు మసకబారినట్టు కనిపిస్తాయి. ఆడది గుడ్లను నాలుగు దారాలతో చుట్టి, అవి పిల్లలయ్యేదాకా నోటితోనే పట్టుకుని తిరుగుతుంది. డెంగీ దోమలను ఇది వేటాడుతుందని థాయిలాండ్ ఇళ్లలో పరిశీలించినవారు 1997లో ప్రచురించారు. అక్టోబరు, నవంబరుల్లో డెంగీతో సతమతమయ్యే ఊళ్లో ఉంటూ దీన్ని శత్రువుగా చూడలేను. పడగ్గది, వంటగది శుభ్రంగా ఉంచుకుందాం. బాల్కనీ మూలన ఉన్నదాన్ని ఉండనిద్దాం.

పాకితే పొక్కులు వస్తాయా?

ఇక్కడ ఒంటిమీద ఒకవైపే పట్టీలా మంటతో పొక్కులు లేస్తే, ఇరుగుపొరుగు "మకడీ మల్ గయీ" అంటారు. సాలెపురుగు పాకిందని పసరో పూతో రాస్తారు. చాలాసార్లు అది మనం సర్పి అనే జబ్బు. పాత ఆటలమ్మ వైరస్ నరంలో మళ్లీ లేవడం వల్ల వచ్చేది. దానికి మందు మొదటి 72 గంటల్లో మొదలుపెడితే మేలు. సాలెపురుగు మీద నెపం వేసి ఆ మూడు రోజులూ పోగొట్టుకోకండి, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లుంటే.

ఎలా అదుపు చేయాలి?

సంక్రాంతికి ఎలాగూ బూజు దులుపుతాం. ఆ ఒక్కసారితో సరిపెట్టకుండా వారానికోసారి చేస్తే కొత్తగా పుట్టిన పిల్లలూ పోతాయి. బూజుకర్ర చివర తడిగుడ్డ చుడితే దారం అంటుకుని వస్తుంది, మసి ముఖాన రాలదు. ఫ్యాన్ రెక్కలు, గీజరు వెనక, కర్టెన్ రాడ్డు మరిచిపోవద్దు.

తర్వాత కిటికీలోని కూలర్. ఆరు నెలలు వాడకుండా ఉండే ఆ చీకటి డబ్బా, ఎండిన గడ్డి ప్యాడ్లు పురుగులకు మంచి నివాసం. నీళ్లు తీసి ఆరబెట్టండి, ప్యాడ్లు పారేయండి, కూలర్‌కూ కిటికీ చట్రానికీ మధ్య సందుల్లో ఫోమ్ దూర్చండి. తలుపు కింద రబ్బరు పట్టీ వేయించండి. బాల్కనీలో తెల్లలైటు బదులు పసుపు ఎల్ఈడీ పెడితే పురుగులు తక్కువ ముసురుతాయి. తిండి తగ్గితే సాలెపురుగులూ తగ్గుతాయి.

బెడ్ బాక్స్‌లోంచి తీసిన రజాయిలను డాబా మీద ఎండలో బాగా దులిపి ఆరేయండి. అందులో కలరా ఉండలు వేయడం నాకు సమ్మతం కాదు. నాఫ్తలీన్ వాసన పట్టిన దుప్పట్లో చుడితే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్న పసిబిడ్డల రక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. స్ప్రేలూ అంతే: గోడకు కొట్టిన మందు దారం మీద వేలాడేదానికి పెద్దగా తగలదు. మూసిన గదిలో దాన్ని పీల్చేది మనమే. హీటర్ వెలుగుతుంటే ఆ స్ప్రే అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

సందులు మూసేటప్పుడు ఒక్కటి మాత్రం మూయకండి: గ్యాస్ గీజరున్న బాత్రూమ్ వెంటిలేటర్. అక్కడ కార్బన్ మోనాక్సైడ్ చేరితే ప్రాణాలకే ముప్పు. దానికి సన్నని జాలీ కొట్టించండి చాలు.