కనబడని లోపం

బుట్టలో పైన మేలైన రసాలు పేర్చి, అడుగున మచ్చకాయలు దాస్తే ఉంగుటూరు, నూజివీడు ప్రాంతాలవారు ఇట్టే పసిగడతారు. మరి ఇల్లు అమ్మేటప్పుడు మనం చేసేదేమిటి?

ప్లానులో ఒక్క అంతస్తే ఉంటుంది. కొడుకు పెళ్లి కాగానే పైన రెండు గదులు వేస్తాం, అనుమతి మాత్రం అడగం. కొనేవారికి గదులు కనబడతాయి, అనుమతి లేదన్న సంగతి కనబడదు. రిజిస్ట్రేషన్‌తో ఇల్లు చేతులు మారుతుందే గాని, అక్రమ కట్టడం సక్రమమైపోదు. తర్వాత నోటీసు వచ్చినా, బ్యాంకు రుణం ఆగినా ఆ బాధ కొన్నవారిదే.

మామూలు జాగ్రత్తతో కొనేవారు కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారే చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను చెబుతోంది. పట్టణ ప్రాంతాల్లో ఇలాంటి కట్టడాలను అపరాధ రుసుముతో క్రమబద్ధీకరించుకునే అవకాశాన్ని ప్రభుత్వం 2007, 2015, 2019లలో ఇచ్చింది. అది వాడుకోని వారికీ, అందని వారికీ నిజం చెప్పే దారి ఎప్పుడూ తెరిచే ఉంది.

కొత్త ఇంటికి పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. పైనుంచి ఎవరైనా పడితే ఆ దోషం ఇంటివారిదే. అంటే కట్టడపు నియమం పొరుగువాని క్షేమం కోసమే. అననీయ, సప్పీరాలు దోషులైంది పొలం అమ్మినందుకు కాదు, దాచి అబద్ధమాడినందుకు.

అందుకే అడ్వాన్సు పుచ్చుకోకముందే ప్లాను ముందు పెడదాం. ఏ గదికి అనుమతి లేదో అగ్రిమెంటులో రాయిద్దాం. ధర కొంత తగ్గవచ్చు. కానీ కొన్నవారు రేపు ఆరాధనలో మన పక్కనే కూర్చున్నా తల దించుకోవలసిన పని ఉండదు.