తెర మీద అక్షరానికి రంగు

కంప్యూటర్ తెర మీద ఒక అక్షరం ఎర్రగా కనబడిందంటే, అలా కనబడమని ఎవరో ఒకరు రాసిపెట్టారన్నమాట. ఆ రాసేవాళ్ళలో రేపు మన హాస్టల్ తమ్ముళ్ళూ ఉండాలని మా కోరిక. అందుకే పీజీలో మేము నేర్చుకున్న జావా స్వింగ్ లోంచి ఈ ఒక్క సంగతి చెబుతున్నాం.

1998లో జావా 1.2తో పాటు వచ్చిన స్వింగ్‌లో, తెర మీద మాట చూపించే భాగాన్ని జేలేబుల్ అంటారు. దాని అక్షరాల రంగు మార్చే ఆజ్ఞ సెట్‌ఫోర్‌గ్రౌండ్. బ్రాకెట్లలో కలర్ డాట్ రెడ్ అని ఇస్తే ఎరుపు. వేరే ఛాయ కావాలంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ 0 నుంచి 255 వరకు ఒక్కో అంకె ఇవ్వాలి. అన్నీ 0 అయితే నలుపు, అన్నీ 255 అయితే తెలుపు. ఈ లెక్కన 1,67,77,216 రంగులు. ఏ చీరల కొట్లోనూ ఇన్ని దొరకవు!

పని ఇంతే. కానీ ల్యాబ్‌లో అందరూ ఆగిపోయే చోట్లు వేరే ఉన్నాయి. సెట్‌బ్యాక్‌గ్రౌండ్ అని వెనక రంగు ఇస్తే లేబుల్‌లో ఏమీ మారదు. లేబుల్ గాజుపలక లాంటిది, వెనకున్నదే కనిపిస్తుంది. ముందు సెట్‌ఒపేక్ ట్రూ అనాలి. ఇంకో తికమక ఉంది. బటన్ నొక్కగానే అక్షరం ఎర్రబడి, మూడు సెకన్లు ఆగి నల్లబడాలని వరుసగా రాస్తే ఎరుపు అసలు కనబడదు. ఎందుకంటే బటన్ పని చేసేదీ, తెరకు రంగు వేసేదీ ఒకే త్రెడ్. ఉన్న ఒక్క వంటమాస్టరూ పొయ్యి దగ్గరుంటే వడ్డన ఆగినట్టే! మన పని ముగిశాకే అది తెర వైపు తిరుగుతుంది. అప్పటికే రంగు నలుపు. ఆ ఆగే పనిని స్వింగ్ టైమర్‌కు అప్పగించాలి.

ఇక అసలు విషయం. మా గదిలో ఒక మిత్రుడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. రాతపరీక్ష నెగ్గిన ఒక ఉద్యోగానికి వైద్యపరీక్షలో, రంగు చుక్కల మధ్య అంకె చదవమన్నప్పుడు గాని ఆ సంగతి బయటపడలేదు. ఉద్యోగం రాలేదు. ఈ లోపం ఎక్స్ క్రోమోజోము ద్వారా వస్తుంది కనుక మగపిల్లల్లోనే ఎక్కువ. మెస్ హాజరుకు మేము ఒక చిన్న ప్రోగ్రాం రాస్తూ, తిన్న పూటలు ఆకుపచ్చ, తినని పూటలు ఎరుపు అనుకుని, ముందుగా అతణ్ణే కూర్చోబెట్టి చూపించాం. "రెండూ ఒకటే కదరా" అన్నాడు. బిల్లు పూటల లెక్క మీద వచ్చే చోట అది డబ్బుతో పని. అందుకని రంగు పక్కనే "హాజరు", "గైర్హాజరు" అని మాటలు కూడా పెట్టాం. ఆకుపచ్చ బదులు ముదురు నీలం వేశాం.

ఈసారి అతను ఊరెళ్ళిన రోజుల పూటలన్నీ తానే లెక్కపెట్టుకున్నాడు.