బోరు నీటికి తగిన రంగుల చేపలు
ఇంటి తొట్టెలోనే సిక్లిడ్ పిల్లల పెంపకం.. నీటి స్వభావం తెలుసుకుంటేనే ఫలితం

అనంతపురం: ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా ఉండే కరవు సీమలో రంగుల చేపల పెంపకం విడ్డూరంగా తోచవచ్చు. అయితే అక్వేరియం ప్రియులు ఇష్టపడే సిక్లిడ్ కుటుంబంలోని కొన్ని రకాలకు ఇక్కడి బోరు నీరే చక్కగా సరిపడుతుంది. మరికొన్నింటికి అదే నీరు ప్రతికూలం. ఈ తేడా తెలియక ఇష్టమైన జతను కొని తెచ్చి, గుడ్లు పొదగక నిరాశ చెందేవారున్నారు.

ఏమిటీ సిక్లిడ్‌లు?

దుకాణాల్లో కనిపించే ఏంజెల్, ఆస్కార్, డిస్కస్ చేపలు దక్షిణ అమెరికా నదులకు చెందినవి. నీలం, పసుపు రంగుల్లో మెరిసే మలావీ రకాలు ఆఫ్రికాలోని మలావీ సరస్సువి. అదృష్టం తెస్తుందన్న నమ్మకంతో పలువురు పెంచే ఫ్లవర్‌హార్న్ 1990లలో మలేసియాలో సంకరం ద్వారా రూపొందినది. దాని మగ చేపల్లో అనేకం సంతానోత్పత్తికి పనికిరావు. అందువల్ల కొత్తవారు దానితో ప్రారంభించకపోవడం మేలు. మన దేశానికి సహజమైన సిక్లిడ్‌లు మూడే. వాటిలో ఒకటైన పెర్ల్‌స్పాట్ పులికాట్ వంటి ఉప్పునీటి సరస్సుల్లో లభిస్తుంది. గుడ్లను, పిల్లలను కాపాడుకోవడం ఈ కుటుంబపు ప్రత్యేకత.

నీరే కీలకం

జిల్లాలో బోరు నీటికి సాధారణంగా కఠినత్వం, క్షార గుణం ఎక్కువ. మలావీ సరస్సు నీటి పీహెచ్ కూడా 7.7 నుంచి 8.6 వరకు ఉంటుంది. కాబట్టి మలావీ చేపలు బోరు నీటిలో సులువుగా ఇముడుతాయి. ఏంజెల్, డిస్కస్‌ల పరిస్థితి వేరు. పెద్ద చేపలు కఠిన జలంలో బతికినా గుడ్లు సరిగా పొదగవు. వీటికోసం మిద్దెపై పడిన వాన నీటిని పట్టి బోరు నీటిలో కలిపి వాడాలి. తొలి జల్లులతో మిద్దె కడిగినట్లయ్యాకే నీరు పట్టాలి. కేవలం వాన నీటినే వాడితే పీహెచ్ నిలకడగా ఉండదు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక దానిని ఒక రోజు వెడల్పాటి పాత్రలో నిల్వ ఉంచి, గాలి బుడగలు పంపిన తర్వాతే వాడాలి.

జత కుదిరేదెలా?

ఏంజెల్ చేపల్లో ఆడ, మగలను పైకి గుర్తించడం కష్టం. ఆరు నుంచి ఎనిమిది పిల్లలను కలిపి పెంచితే అవే జత కడతాయి. అలా కుదిరిన జతను కనీసం 80 లీటర్ల తొట్టెలోకి మార్చి, గుడ్లు పెట్టేందుకు నిలువుగా పలక ముక్కను ఆనించి ఉంచాలి. 27, 28 డిగ్రీల వేడిమిలో గుడ్లు రెండు, మూడు రోజుల్లో పొదుగుతాయి. తెల్లగా మారినవి చెడిపోయినట్లు లెక్క. కొత్త జతలు మొదటి ఒకటి రెండు కాన్పుల్లో తమ గుడ్లనే తినివేయడం సహజం.

మలావీ చేపల పద్ధతి భిన్నం. తల్లి గుడ్లను నోటిలోనే పొదుగుతుంది. సుమారు మూడు వారాలు దాదాపు ఆహారం ముట్టదు. ఒక మగ చేపకు మూడు, నాలుగు ఆడ చేపలు ఉండాలి. లేకుంటే మగ చేప ఒకే ఆడ చేపను వెంటాడి గాయపరుస్తుంది. గవద ఉబ్బిన తల్లిని నెమ్మదిగా వేరే తొట్టెకు మార్చాలి.

పిల్లలకు మేత

గుడ్డు నుంచి వచ్చిన ఏంజెల్ పిల్లలు నాలుగైదు రోజులు తమ పొట్టలోని సొనతోనే బతుకుతాయి. ఈత మొదలయ్యే వరకు మేత వేయరాదు. ఆ తర్వాత రోజుకు మూడు, నాలుగు సార్లు అప్పుడే పొదిగిన ఆర్టీమియా అందించాలి. లీటరు నీటిలో సుమారు 25 గ్రాముల కల్లుప్పు కరిగించి, ఆర్టీమియా గుడ్లు వేసి గాలి పంపితే 24 నుంచి 36 గంటల్లో పిల్లలు సిద్ధమవుతాయి. వాటిని పలుచని గుడ్డలో వడకట్టి మంచినీటితో కడిగి వేయాలి. ఉడికించిన కోడిగుడ్డు సొన చౌకే అయినా నీటిని త్వరగా పాడుచేస్తుంది. మలావీ పిల్లలు తల్లి నోటి నుంచి సుమారు సెంటీమీటరు పొడవుతో వెలువడతాయి. మెత్తగా పొడిచేసిన మేతను మొదటి రోజు నుంచే తింటాయి.

అమ్మోనియాతో జాగ్రత్త

చేపల విసర్జితాలు, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. 28 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉన్న నీటిలో అందులో విషపూరితమైన భాగం నూటికి ఒక పాలు కూడా ఉండదు. పీహెచ్ 8.5కు చేరితే అది సుమారు 18 పాళ్లకు పెరుగుతుంది. బోరు నీటి తొట్టెల్లో పిల్లలు ఒక్కసారిగా చనిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. పిల్లలు పెరిగే తొట్టెలో స్పాంజ్ ఫిల్టర్ అమర్చి, రోజూ నాలుగో వంతు నీరు మార్చాలి.

వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండకు నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఆవిరయ్యేది నీరే తప్ప లవణాలు కావు. తగ్గిన మేరకు మళ్లీ బోరు నీరే పోస్తూ ఉంటే కఠినత్వం పెరిగిపోతుంది. ఆ లోటును వాన నీటితో పూడ్చడం మంచిది. కరెంటు కోతల సమయంలో వాడేందుకు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపును సిద్ధంగా ఉంచుకోవాలి.

చెరువులో వదలరాదు

పిల్లలు ఎక్కువయ్యాయని చెరువుల్లో, కుంటల్లో విడిచిపెట్టడం తగదు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా కూడా సిక్లిడే. అది జలాశయాల్లో విస్తరించి స్థానిక చేపలకు పోటీగా మారింది. మిగిలిన పిల్లలను తోటి పెంపకందారులకో, దుకాణాలకో ఇవ్వవచ్చు. తొట్టె నుంచి తీసిన నీటిని మురుగు కాలువపాలు చేయనక్కర్లేదు. మందులు, ఉప్పు కలపనిదైతే పెరటి మొక్కలకు పోయవచ్చు. అందులోని నైట్రేట్ మొక్కలకు ఎరువుగా ఉపకరిస్తుంది. బిందె నీటికీ విలువ కట్టే ఈ సీమలో రోజూ నీరు మార్చక తప్పని ఈ అభిరుచికి ఆ పొదుపూ అవసరమే.