ఏటి చేప ఇంటి లెక్క



జీతం చేతికి రాగానే పాలకింత, బియ్యానికింత అని లెక్క వేసుకోవడం మనకు అలవాటే. రాబడికి మించి ఖర్చయితే ఏమవుతుందో మనకొకరు చెప్పక్కర్లేదు. ఏటిలో ఉండే చేపకీ ఇదే లెక్క ఉందంటే నమ్ముతారా? దానికి రూపాయలు లేవు. ఒంట్లోని శక్తే దాని పైకం.

కాశ్మీరులో పహల్‌గామ్ దగ్గర పారే లిద్దర్ ఏటినే తీసుకుందాం. మంచు కరిగి వచ్చే ఆ చల్లని నీటిలో బ్రౌన్ ట్రౌట్ అనే చేపలున్నాయి. ఇవి మొదట అక్కడివి కావు. 1900 ప్రాంతంలో స్కాట్లండు నుంచి గుడ్లు తెప్పించి కాశ్మీరు ఏళ్ళలో పెంచారు.

అంత వడిగల నీటికి రోజంతా ఎదురీదితే తిన్నదంతా ఈతకే సరిపోదు. అందుకని ఈ చేప ఓ రాతి చాటున, నీరు నెమ్మదిగా ఉన్నచోట నిలబడుతుంది. పక్కనే పరుగెత్తే నీరు పురుగుల్ని మోసుకొస్తుంది. చటుక్కున వెళ్ళి ఒకదాన్ని అందుకుని, మళ్ళీ చాటుకి వచ్చేస్తుంది. ఖర్చు తక్కువ, రాబడి ఎక్కువ! ఇలాంటి చోటు కోసం తగవులూ ఉంటాయండీ. సాధారణంగా పెద్ద చేపదే పైచేయి.

చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. నీరు వెచ్చబడితే ఊరికే ఉన్నా ఖర్చు పెరుగుతుంది. సుమారు 13 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఈ చేప బాగా ఎదుగుతుంది. 19 దాటినా, 4కి తగ్గినా ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది.

చలి మొదలయ్యే రోజుల్లో ఆడచేప గులకరాళ్ళలో తోకతో గుంట చేసి గుడ్లు పెడుతుంది. దాచుకున్న కొవ్వులో చాలా భాగం దానికే పోతుంది. పిల్ల పెళ్ళి చేసిన ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలుసుగా! అలా చిక్కిపోయిన చేపకి వెంటనే చలికాలం ఎదురవుతుంది. తిన్నది త్వరగా అరగదు, ఈత మందగిస్తుంది. వెచ్చని ఒంటి పక్షికి ఆ హుషారు తగ్గదు కనక చేపను పట్టడం తేలిక. అందుకే చేప పగలు రాళ్ళ సందుల్లోనో, లోతు మడుగుల్లోనో దాక్కుని, ఎక్కువగా రాత్రిపూటే మేతకు బయలుదేరుతుంది.

మరి దాక్కునే రాళ్ళే లేకపోతే? కట్టడాల కోసం ఏటి అడుగునుంచి రాళ్ళూ, కంకరా తోడుకుపోతే జరిగేది అదే. మనకది ఉత్త రాయి. చేపకో, అదే వంటిల్లు, అదే పడకటిల్లు, అదే పురిటిగది. అది పోతే నీరెంత తేటగా ఉన్నా దాని లెక్క కుదరదు. సంసారం నడిపే మీకు ఇంతకంటే విడమరిచి చెప్పాలా?